పుపుసా, పెపియాన్: సాల్వడోర్, గ్వాటెమాలా హోటల్లో మొదటిసారి ఎలా ఆర్డర్ చేయాలి?

వర్జీనియాలో హెర్న్‌డన్ వైపు ఉండే మనవాళ్లు ‘పుపుసెరియా’ అన్న బోర్డు చూసే ఉంటారు. అంటే పుపుసాలు, లోపల జున్నో బీన్సో కూరి కాల్చే మొక్కజొన్న రొట్టెలు, అమ్మే చోటు. హ్యూస్టన్‌లోనూ, లాస్ ఏంజెలెస్‌లోనూ కనిపిస్తుంది. మధ్య అమెరికా దేశాలైన ఎల్ సాల్వడోర్‌లో 1980 నుంచి 1992 దాకా, గ్వాటెమాలాలో 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధాలు నడిచాయి. అప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు, తర్వాత పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు పెట్టుకున్న చిన్న చిన్న హోటళ్లివి. చాలా చోట్ల రెండు దేశాల వంటలూ ఒకే మెనూలో ఉంటాయి. టాకోలు కూడా ఉంటాయి గానీ, వాటి జోలికి ఈసారికి వెళ్లకండి.

1. తినకూడనివి ముందే చెప్పండి

మా అత్తగారు పూర్తి శాకాహారి. బీన్స్ పుపుసాలో ఏముంటుందిలే అని ధైర్యంగా తెప్పించాను. రెండోది సగంలో ఉండగా తెలిసింది, ఆ బీన్స్ వేయించింది పంది కొవ్వులో అని. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండు అనిపించింది. అడక్కపోవడం నా తప్పే.

కాబట్టి కూర్చోగానే స్పానిష్‌లో ‘యేవా మాంతేకా?’ అనండి. పంది కొవ్వు వేశారా అని అర్థం. ‘సిన్ కార్నే’ అంటే మాంసం లేకుండా అనే, కానీ కొందరికి కార్నే అంటే బీఫ్ మాత్రమే. అందుకని ‘సిన్ పోయో, సిన్ సేర్దో’ అని కోడినీ పందినీ కూడా కలిపి చెప్పండి. అన్నం కోడి రసంలో ఉడికించి ఉండొచ్చు, దాని గురించీ అడగండి.

2. పుపుసాతో మొదలుపెట్టండి

ఇది సాల్వడోర్ వాళ్ల జాతీయ వంటకం. ఏటా నవంబర్ రెండో ఆదివారం దీనికో పండగే ఉంది. మొక్కజొన్నలు సున్నం నీళ్లలో ఉడికించి రుబ్బిన పిండితో చేస్తారు. ఆ సున్నం వల్లే దీనికి మన మొక్కజొన్న రొట్టెకు లేని వాసన వస్తుంది. వంటగది కనిపించే చోట కూర్చుంటే చూడొచ్చు: ఉండ చేసి, బొటనవేలితో గుంట నొక్కి, కూరి, మూసి, రెండు అరచేతుల మధ్య టపటపా తడతారు. అచ్చం మన బొబ్బట్టు పద్ధతే. బియ్యప్పిండివి కావాలంటే ‘దే అర్రోస్’ అనండి.

శాకాహారులకు ‘కేసో కోన్ లోరోకో’ మంచిది. లోరోకో అంటే ఒక తీగ పూమొగ్గలు, జున్నుతో (అంటే చీజ్‌తో) కలిపి కూరుతారు. మాంసం తినేవాళ్లకు ‘రెవ్వెల్తా’: జున్ను, బీన్స్, మెత్తగా నూరిన పంది మాంసం. మనిషికి రెండు చాలు. ఆర్డర్ ఇచ్చాకే కాలుస్తారు, కాస్త ఓపిక పట్టాలి.

3. చేత్తో తినండి

ఫోర్కు పక్కన పెట్టేయండి. టేబుల్ మీద సీసాలో కుర్తీదో ఉంటుంది: సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, ఉల్లిపాయ, వెనిగర్, ఒరెగానో. దాన్ని పుపుసా మీద బాగా వేసుకుని, పల్చటి టమాటా సాస్ పోసుకుని, ముక్క తుంచి తినడమే. లోపలి జున్ను సెగలు కక్కుతుంటుంది, తొందరపడితే నాలుక కాలుతుంది. కారం మాత్రం మనకు చాలదు. ‘చిలే’ అడగండి. గ్వాటెమాలా వాళ్ల దగ్గర చిలే కోబనేరో ఉంటే అదృష్టం. పొగ వాసన వేసే ఎండుమిరప పొడి.

4. గ్వాటెమాలా నుంచి పెపియాన్

నన్నడిగితే తెలుగువాళ్లు వెతుక్కుని మరీ తినాల్సింది ఇదే. గుమ్మడి గింజలు, నువ్వులు, ఎండుమిరపకాయలు, టమాటాలు కొద్దిగా నల్లబడేదాకా వేయించి, నూరి, ఆ ముద్దలో కోడి ముక్కలు ఉడికిస్తారు. గుత్తివంకాయ మసాలా గుర్తొస్తుంది గానీ, పులుపు తక్కువ, కాస్త మాడిన చేదు ఎక్కువ. 2007లో గ్వాటెమాలా ప్రభుత్వం దీన్ని సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. ఆకుపచ్చ పులుసు హోకోన్, మాయా ప్రజల టర్కీ కోడి సూపు కాకిక్ కూడా అదే జాబితాలో ఉన్నాయి. అన్నం, మొక్కజొన్న రొట్టెలు ఇస్తారు. మొదట అన్నంలో కలుపుకోండి.

5. తీపి, తాగడానికి

రెయెనీతోస్ తప్పకుండా చెప్పండి. ఉడికించిన పండు అరటి ముద్దలో తీపి నల్ల బీన్స్ పెట్టి వేయిస్తారు. పూర్ణాలకు దూరపు చుట్టం. సాల్వడోర్ కెసదియా అడిగితే మెక్సికో రొట్టె రాదు, నువ్వులు చల్లిన జున్ను కేకు వస్తుంది. కాఫీతో బాగుంటుంది. చల్లగా ఏదైనా కావాలంటే ‘తామరిందో’, అంటే చింతపండు పానీయమే.

పుపుసాలు మిగిలితే పార్శిల్ కట్టించుకోండి. కుర్తీదో మాత్రం వేరే డబ్బాలో పెట్టించండి, లేకపోతే ఇంటికెళ్లేసరికి అంతా నానిపోతుంది. మర్నాడు మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా సాగుతాయి. దోసె పెనం మీద నూనె లేకుండా, సన్న మంట మీద, రెండు వైపులా కాల్చండి.