ఆయాసం ఊపిరితిత్తులదా, గుండెదా? రక్తపరీక్షనూ ఆరు నిమిషాల నడకనూ కలిపి చూసే పద్ధతి

కట్టెల పొయ్యి పొగకో, బెల్లం వండే పొయ్యిల పొగకో, బీడీలకో ఊపిరితిత్తులు దెబ్బతిని సీఓపీడీ (గాలిదారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) వచ్చినవాళ్లకు ఆయాసం ఎక్కువైతే, ఇంట్లోవాళ్లు ముందు ఇన్‌హేలర్ మార్చమంటారు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి గుండె కుడిభాగం అలిసిపోయినా, ఎడమభాగం బలహీనపడినా వచ్చేది ఇదే ఆయాసం. అందుకే గుండె మీద భారం పడితే రక్తంలో పెరిగే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే గుండె సూచికను కొలిచే రక్తపరీక్ష, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో చూసే నడక పరీక్ష, రెండూ ఒకేరోజు చేయించి, పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒంట్లో కుదురుగా ఉన్నప్పుడే చేయించండి. దగ్గు, కఫం ముదిరి ఆసుపత్రిలో చేరిన రోజుల్లో గుండె సూచిక పెరగొచ్చు. ఆ అంకెను తర్వాతి వాటితో పోల్చలేం.

రక్తం ముందు, నడక తర్వాత. నడిచొచ్చాక తీస్తే అంకె కొంత పెరగొచ్చు. పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీకి రక్తం ఇప్పించండి. పరగడుపున రానక్కర్లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూడమనండి, ఎందుకంటే కిడ్నీలు మందగిస్తే ఈ సూచిక పెరుగుతుంది. వయసు మీరినా, గుండె లయ తప్పినా అంతే. లావుగా ఉన్నవాళ్లలో మాత్రం తక్కువ చూపిస్తుంది. బీఎన్‌పీ, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ వేర్వేరు పరీక్షలు. ఒకసారి అదీ, ఒకసారి ఇదీ చేయించి పోల్చకూడదు.

నడకకు 30 మీటర్ల చదునైన వరండా కావాలి. 15 మీటర్లే ఉంటే మలుపులు ఎక్కువై దూరం తగ్గిపోతుంది. మన ఎండలకు ఉదయం పూటే మేలు. రోజూ వాడే మందులు, ఇన్‌హేలర్ మానకూడదు. గోళ్లరంగు తుడిచి, పల్స్ ఆక్సీమీటర్ పెట్టి, ఆక్సిజన్, నాడి, ఆయాసం 0 నుంచి 10లో ఎంతో రాసుకోవాలి. కూర్చున్నప్పుడే నాడి 120 దాటినా, నెలలోపు గుండెపోటు వచ్చి ఉన్నా డాక్టరు చెప్పకుండా నడిపించొద్దు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. తోడొచ్చిన కొడుకు పక్కన నడుస్తూ కబుర్లు చెబితే, రోగి అడుగు కొడుకు అడుగుతో కలిసిపోతుంది. పరీక్షించేవారు పక్కన నడవకూడదు. నిమిషానికోసారి "బాగా నడుస్తున్నారు, ఇంకా 5 నిమిషాలుంది" అని ఒకే గొంతుతో చెబితే చాలు. ఆయాసమొస్తే గోడకానుకుని నిలబడొచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఛాతీనొప్పి, తూలడం, చెమటలు కనిపిస్తే ఆపేయాలి. ఆక్సిజన్ 80 శాతం కన్నా తగ్గితే ఆపించి, 85కి వచ్చాక సమయం మిగిలితే మళ్లీ నడిపించాలి. అరగంట విశ్రాంతి తర్వాత రెండోసారి నడిపించి, ఎక్కువ వచ్చిన దూరాన్ని రాయాలి. మొదటిసారి అలవాటు లేక తక్కువ నడుస్తారు.

ఇక అంకెలు. కుదురుగా ఉన్న మనిషిలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ మిల్లీలీటరుకు 125 పికోగ్రాముల లోపుంటే గుండె వైఫల్యం ఉండే అవకాశం తక్కువ. దాటినంత మాత్రాన జబ్బు తేలినట్టు కాదు. ఎకో (గుండె స్కానింగ్) తీయించి కుడి, ఎడమ భాగాలు రెండూ చూడాలి. నడక 350 మీటర్లలోపుంటే జబ్బు ముదిరిందనుకోవాలి. పోయినసారి 310, ఈసారి 295 వస్తే కంగారు అక్కర్లేదు. 260 వస్తే కారణం వెతకాలి, 30 మీటర్ల తేడా లెక్కలోకి వస్తుంది.

దూరం తగ్గి సూచిక కూడా పెరిగితే కార్డియాలజిస్టును కలవండి. సూచిక మామూలుగా ఉండి దూరమే తగ్గితే కొందరిలో తొడ కండరాలు సన్నబడి ఉండొచ్చు. వాళ్లకు కావలసింది మందు మార్పు కన్నా ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామ శిక్షణ. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ అనే మరో సూచిక సీఓపీడీలో కొద్దిగా ఎక్కువే ఉండొచ్చు. గంటల తేడాతో పెరిగిందా అన్నదే గుండెపోటుకు గుర్తు. ఛాతీనొప్పి వస్తే నడక పరీక్ష గురించి ఆలోచించకుండా ఎమర్జెన్సీకే వెళ్లండి.

నడక బాగా వచ్చిందని అలిపిరి మెట్లెక్కే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. చదును నేల మీద 400 మీటర్లు వేరు, 3,550 మెట్లు వేరు. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు కాలినడకన రావొద్దని టీటీడీ కూడా చెబుతోంది. బస్సులో వెళ్లి దర్శనం చేసుకోండి, ఇన్‌హేలర్ జేబులో పెట్టుకోండి.