పరీక్ష రోజున మొదటిసారి తెరవకూడనివి

పరీక్షకు అదనపు సమయం మంజూరైంది, స్క్రీన్ రీడర్‌కు (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) అనుమతి వచ్చింది, ఇక దిగుల్లేదనుకుంటారు వైకల్యమో దీర్ఘకాల జబ్బో ఉన్న విద్యార్థుల్లో చాలామంది. అనుమతి ఉండేది కాగితం మీద. పరీక్ష జరిగేది మాత్రం ఏదో ఒక కంప్యూటర్ మీద, లేదా మీరు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే ఒక స్క్రైబ్ చేతి మీదుగా. బెడిసికొట్టేది అక్కడే.

ముందు అర్జీ సంగతి. సెమిస్టర్ మొదలైన వారంలోనే పెట్టండి. డాక్టర్ సర్టిఫికెట్‌లో జబ్బు పేరొక్కటే ఉంటే పరీక్షల విభాగానికి ఏమివ్వాలో తేలదు. ప్రభావం కూడా రాయించాలి: ‘పావుగంట రాసేసరికి వేళ్లు బిగుసుకుపోతాయి’, ‘12 పాయింట్ అక్షరాలు చదవలేరు, 18 కావాలి’. వినికిడి లోపం ఉంటే, ఇన్విజిలేటర్ నోటితో చెప్పే ప్రతి సూచనా రాతలో ఇవ్వాలని విడిగా అడగండి. ప్రశ్నపత్రంలోని తప్పుల సవరణలు సాధారణంగా నోటితోనే ప్రకటిస్తారు మరి.

అదనపు సమయం వేరు, మధ్యలో విరామం వేరు. చదవడమో రాయడమో నెమ్మదిగా సాగేవారికి మొదటిది కావాలి. నొప్పి, అలసట, షుగర్ హెచ్చుతగ్గులు ఉన్నవారికి కావలసింది గడియారం ఆపడం. రెండూ అవసరమైతే రెండూ పేరుపెట్టి అడగాలి. విరామం మొదలైన, ముగిసిన నిమిషాలను ఇన్విజిలేటర్ కాగితం మీద వేయాలి, లేకపోతే చివర్లో వాదన తప్పదు.

ఆన్‌లైన్ పరీక్షలో ఈ లెక్క తప్పేది ఎక్కువగా ఒక్కచోటే. ఉదయం 10 నుంచి 1 దాకా మూడు గంటల క్విజ్ అనుకుందాం. గంటకు 20 నిమిషాల చొప్పున అదనం కలిపితే నాలుగు గంటలు. చాలా కాలేజీలు వాడే మూడుల్ (Moodle) అనే ఆన్‌లైన్ బోధన వేదికలో ఉపాధ్యాయుడు యూజర్ ఓవర్‌రైడ్‌లోకి (ఒక్క విద్యార్థికే వర్తించే మార్పులు చేసే చోటు) వెళ్లి సమయ పరిమితిని 4 గంటలకు మారుస్తారు, ముగింపు వేళను మాత్రం 1 గంట దగ్గరే వదిలేస్తారు. క్విజ్ ఒంటిగంటకే మూసుకుపోతుంది. మార్చాల్సినవి రెండు: సమయ పరిమితి, ముగింపు వేళ. పైగా మూడుల్ టైమర్‌కు మధ్యలో ఆపే బటన్ లేదు. అంచనా విరామం అరగంట అయితే ఆ అరగంటను కూడా ముందే రెండింటికీ కలిపించాలి.

ఇక ప్రశ్నపత్రం. పీడీఎఫ్ ఇస్తామంటే, అదే తీరులో తయారైన పాత పత్రం ఒకటి అడిగి తీసుకోండి. కంట్రోల్+ఎ, కంట్రోల్+సి కొట్టి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ఏమీ రాకపోతే అది స్కాన్ బొమ్మ. పిచ్చి అక్షరాలు వస్తే యూనికోడ్ కాని పాత ఫాంట్. ఎడమ కాలమ్ సగం చదివి కుడి కాలమ్‌లోకి దూకితే చదివే వరుస తప్పింది. నోట్‌ప్యాడ్‌లో కనిపించిన గందరగోళమే ఇంచుమించుగా స్క్రీన్ రీడర్ కూడా చదువుతుంది. గణితంలో ఇంకా ఘోరం: ఎక్స్ స్క్వేర్ కాస్తా ‘ఎక్స్ రెండు’ అవుతుంది, భిన్నంలో అడ్డగీత మాయమవుతుంది. సమీకరణాలుంటే పీడీఎఫ్ వద్దనండి, మ్యాథ్‌ఎంఎల్ (సమీకరణాల నిర్మాణాన్ని తెలిపే కోడ్) ఉన్న వెబ్ పేజీ అడగండి. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌లో గణితాన్ని చదివే మ్యాథ్‌క్యాట్ ఉంటే సమీకరణాన్ని ముక్కముక్కగా వినొచ్చు.

పెద్ద అక్షరాల పత్రం అంటే ఎ4ను ఎ3కి జెరాక్స్ తీసి ఇవ్వడం కాదు. ఆ పెంపు 141 శాతమే. 12 పాయింట్ అక్షరం 17 దగ్గర ఆగిపోతుంది, కాగితమేమో బల్లంతా ఆక్రమిస్తుంది. 18 పాయింట్‌లో మళ్లీ ఫార్మాట్ చేసి ఎ4 మీదే ప్రింట్ ఇవ్వమనండి.

రెండు వారాల ముందు, పరీక్ష రాయబోయే కంప్యూటర్ మీదే అరగంట నమూనా పరీక్ష రాయాలి. మీ లాప్‌టాప్ మీద బాగా పనిచేసిందన్నది లెక్కలోకి రాదు. ఎన్‌వీడీఏ పోర్టబుల్ కాపీని (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే మీరు ఎంచుకున్న చదివే వేగం, గొంతు అన్నీ వెంట వస్తాయి. కానీ ల్యాబ్‌లో యూఎస్‌బీ మూసేసి ఉండొచ్చు, అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిచే ప్రోగ్రామ్‌లను పోర్టబుల్ కాపీ చదవలేదు. పరీక్ష తప్ప మరేదీ తెరవనివ్వని లాక్‌డౌన్ బ్రౌజర్ అయితే స్క్రీన్ రీడర్‌నే మూసేయవచ్చు, దాన్నీ ఆ రోజే తేల్చుకోండి. జవాబు పెట్టెలో తప్పనిసరిగా నాలుగు వాక్యాలు టైప్ చేసి చూడండి. కొన్ని ఎడిటర్లలో ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లోనే (టైప్ చేయడానికి కాక, పేజీలో తిరుగుతూ చదవడానికి ఉన్నది) ఉండిపోతుంది. మీరు హెచ్ నొక్కితే అక్షరం పడదు, కర్సర్ తర్వాతి హెడింగ్‌కు ఎగిరిపోతుంది. ఇన్సర్ట్+స్పేస్ కొడితే మోడ్ మారుతుంది, మారినప్పుడు వినిపించే చిన్న శబ్దాన్ని చెవికి అలవాటు చేసుకోండి. హెడ్‌ఫోన్ వైరుదే మేలు, బ్లూటూత్‌ది అయితే మాటలోని మొదటి అక్షరాన్ని మింగేయవచ్చు.

మాటతో టైప్ చేసేవారు ఇంటర్నెట్ తీసేసి పరీక్షించాలి. విండోస్+హెచ్‌తో వచ్చే వాయిస్ టైపింగ్ నెట్ లేకపోతే నడవదు. విండోస్ 11లోని వాయిస్ యాక్సెస్ మాత్రం భాష ఫైలు ఒకసారి దించుకుంటే ఆఫ్‌లైన్‌లోనూ పనిచేస్తుంది. మాట్లాడుతూ రాస్తారు కాబట్టి వేరే గది అడగడం మరవొద్దు.

స్క్రైబ్ ఉంటే ముందురోజైనా గంటసేపు కలిసి కూర్చోండి. ‘ఎక్స్ ప్లస్ ఒకటి బై రెండు’ అంటే స్క్రైబ్ ఒకటి కింద మాత్రమే రెండు రాయొచ్చు, మొత్తం కిందా రాయొచ్చు. ఇద్దరూ ఒక మాట అనుకోవాలి: ‘భిన్నం మొదలు, లవం ఎక్స్ ప్లస్ ఒకటి, హారం రెండు, భిన్నం అయిపోయింది’. సాంకేతిక పదాలను అక్షరాలు విడదీసి చెప్పండి. ప్రతి జవాబూ అయ్యాక చదివి వినిపించమనండి. దీనికి పట్టే సమయాన్ని మొదటి నమూనాలోనే గడియారంతో కొలవండి, అదనపు సమయంలో చెప్పుకోదగ్గ వాటా దీనికే పోతే ఆ కొలతతోనే పరీక్షల విభాగానికి మళ్లీ రాయండి.