పడవలో పొయ్యి వెలగకపోతే పొయ్యి విప్పకండి: సమస్య - పరిష్కారం

మాది 32 అడుగుల పాత తెరచాప పడవ. సియాటిల్‌కి ఉత్తరాన అనకార్టెస్‌లో కట్టేసి ఉంటుంది. ఎండాకాలమంతా వీలు దొరికిన ప్రతి శుక్రవారం ఇద్దరం బియ్యం, పప్పు, పచ్చళ్లు వేసుకుని శాన్ వాన్ దీవుల వైపు పోతాం. గాలి బాగుంటే 5 నాట్ల వేగం (గంటకి సుమారు 9 కిలోమీటర్లు), లేకపోతే ఇంకా నెమ్మది, మాకేం తొందర లేదు. చుక్కాని నాది, వంట మా ఆయనది. పెళ్లయిన కొత్తలో ఆమ్లెట్ కూడా మాడ్చిన మనిషి ఇప్పుడు ఊగే పొయ్యి మీద ఉలవచారు కాస్తున్నారు.

ఈ ఆరేళ్లలో నాకు తెలిసొచ్చింది ఏంటంటే, పడవలో వంట చెడిపోతే తప్పు గిన్నెలో ఉండటం తక్కువ. బ్యాటరీలోనో, గాలిలోనో, లంగరు వేసిన చోటులోనో ఉంటుంది. అందుకే కింద రాసినవాటిలో సగం వంటలాగే అనిపించవు.

పొయ్యి వెలగట్లేదు, సిలిండర్ మాత్రం నిండుగా ఉంది

మొదటి ఏడాదే జరిగింది మాకిది. స్టూవర్ట్ దీవిలో రీడ్ హార్బర్, ఆదివారం పొద్దున్న. ఫిల్టర్ కాఫీకి నీళ్లు పెడదామని ఆయన లేచి నాబ్ తిప్పి లైటర్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. సిలిండర్ ముందు రోజే నింపించాం. పొయ్యి విప్పేద్దామని స్క్రూడ్రైవర్ కూడా తీశారు.

కారణం పొయ్యిలో లేదు. ప్రొపేన్ సిలిండర్ డెక్ మీద వేరే పెట్టెలో ఉంటుంది, దాని దగ్గర సోలెనాయిడ్ అని కరెంటుతో తెరుచుకునే వాల్వ్ ఒకటి ఉంటుంది. లోపల స్విచ్ వేసినప్పుడు సరిపడా వోల్టేజి అందితేనే అది తెరుచుకుని గ్యాస్ వదులుతుంది. రాత్రంతా ఫ్రిజ్ నడిచి బ్యాటరీ పడిపోయింది, మీటరు పెడితే 11.4 వోల్టులు చూపించింది. మమ్మల్ని బోల్తా కొట్టించింది స్విచ్ పక్కనున్న ఎర్ర లైటు: అది చక్కగా వెలుగుతూనే ఉంది. లైటుకి చాలిన కరెంటు వాల్వ్‌కి చాలలేదన్నమాట.

ఏం చేయాలంటే, స్విచ్ వేసి ఒకళ్లు సిలిండర్ పెట్టె దగ్గర చెవి పెట్టండి. టక్‌మని వినబడాలి. వినబడకపోతే ముందు బ్యాటరీ చూడండి, తర్వాత ఆ వాల్వ్ వైర్ల చివర్లు చూడండి, ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టి ఉంటాయి. మాకు ఇంజిన్‌కి వేరే బ్యాటరీ ఉండబట్టి బతికిపోయాం, ఇంజిన్ వేస్తే పడిపోయిన బ్యాటరీ ఎక్కింది, కాసేపటికి కాఫీ వచ్చింది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే, వాడకం ఆపి కాసేపు వదిలేశాక 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం అయిపోయినట్టు. ఆ సగం దాటి కిందకి రోజూ దించుతూ పోతే బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది.

వెలుగుతుంది, చెయ్యి తియ్యగానే ఆరిపోతుంది

మంట పక్కన చిన్న పుల్లలా ఉండేది థర్మోకపుల్. అది వేడెక్కితేనే గ్యాస్ ఆగకుండా వస్తుంది. నాబ్ నొక్కి పట్టుకుని 15 సెకన్లు ఓపిక పట్టండి. అయినా ఆరిపోతుంటే దాని కొసకి మసి పట్టిందో, గిన్నె తగిలి వంగి మంటకి దూరమైందో చూసి, తుడిచి సరిచేయండి. చాలావరకు అంతే.

గ్యాస్ వాసన వస్తోంది

ఇది సరదా విషయం కాదు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా. ఇంట్లో గ్యాస్ లీకైతే కిటికీలు తెరుస్తాం, కాసేపటికి పోతుంది. ప్రొపేన్ గాలికంటే బరువు. పడవ అంటే అడుగున బెజ్జం లేని గిన్నె. లీకైన గ్యాస్ కిందకి దిగి, నేల పలకల కింద నీళ్లు చేరే బిల్జ్‌లో కూర్చుంటుంది. ఎక్కడికీ పోదు. బిల్జ్ పంపు స్విచ్ దగ్గర పుట్టే ఒక్క నిప్పురవ్వ చాలు.

వాసన తగలగానే మంట ఉంటే ఆర్పండి. స్విచ్ ఏదీ వెయ్యకండి, తియ్యకండి, సోలెనాయిడ్ స్విచ్ కూడా ముట్టుకోవద్దు. ఇంజిన్ జోలికి పోవద్దు. ఇద్దరూ పైకి వచ్చేసి సిలిండర్ దగ్గరే చేత్తో వాల్వ్ కట్టేసి, పైన డెక్ మూతలన్నీ బార్లా తెరవండి. పడవ వదిలి దిగగలిగితే దిగండి. గాలి బాగా ఆడి వాసన పూర్తిగా పోయాక కూడా తొందరపడి దేన్నీ వెలిగించవద్దు.

లీకు ఎక్కడో వెతకడానికి అగ్గిపుల్ల కాదు, సబ్బునీళ్లు. ప్రతి జాయింటు మీదా రాస్తే బుడగలొచ్చే చోటే లీకు. అసలు లీకుందో లేదో తేల్చుకోవాలంటే: పొయ్యి నాబులన్నీ కట్టేసి, సిలిండర్ వాల్వ్ తెరిచి, సోలెనాయిడ్ వేసి, ప్రెషర్ చూపించే గేజ్‌లో అంకె చూసుకుని సిలిండర్ వాల్వ్ మళ్లీ కట్టేయండి. సోలెనాయిడ్ అలాగే వేసి ఉంచాలి. కనీసం 3 నిమిషాలు ముల్లు కదలకూడదు. మేము 10 నిమిషాలు చూస్తాం, సీజన్ మొదట్లో ఒకసారి, తర్వాత నెలకోసారి. వంటయ్యాక సోలెనాయిడ్ కట్టేయడం మా పడవలో దీపం ఆర్పి పడుకోవడంలాగా అలవాటైపోయింది.

ఫ్రిజ్ ఆగకుండా తిరుగుతోంది, పెరుగు మాత్రం పులిసిపోయింది

పడవ ఫ్రిజ్ చిన్నదే కానీ కరెంటు తాగడంలో మొనగాడు, తిరుగుతున్నంతసేపూ 4, 5 ఆంపియర్లు లాగుతుంది. మొదట కంప్రెసర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడి గాలి బయటికి పోవడానికి దారి ఉండాలి. మా ఫ్రిజ్ రెండు వారాలు సతాయిస్తే, పెద్ద టెన్షన్ పడి మెకానిక్‌ని పిలుద్దామనుకుంటుండగా తెలిసింది, మా ఆయన 10 కిలోల సోనా మసూరి సంచి సరిగ్గా దాని గాలి సందుకి అడ్డంగా పెట్టారు. "చోటు ఖాళీగా కనబడింది కదా" అన్నారు.

అది కాకపోతే వైరు. కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర ఒకసారి, కంప్రెసర్ దగ్గర ఒకసారి వోల్టులు కొలవండి. తేడా అర వోల్టు దాటితే మధ్యలో వైరు సన్నదో, చివర్లు చిలుం పట్టాయో. అప్పుడు బ్యాటరీ బాగున్నా ఫ్రిజ్ మొదలెట్టబోయి ఆగిపోతుంటుంది.

ఇంకోటి, వేడి పప్పు లోపల పెట్టకండి. మేం ఇంట్లోనే సాంబారు, చికెన్ కూర చదరపు డబ్బాల్లో గడ్డకట్టించి తెస్తాం. శుక్రవారం అవి ఐసుగడ్డలు, ఆదివారానికి భోజనం. అమెరికాలో కొట్లో కొన్న గుడ్లు కడిగేసి ఉంటాయి కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉండాలి, "మా ఊళ్లో బయటే పెట్టేవాళ్లం" అనే వాదన ఇక్కడ పనికిరాదు.

పొయ్యి ఊగాల్సినట్టు ఊగట్లేదు, గిన్నెలు జారుతున్నాయి

పడవ పొయ్యిని రెండు పక్కలా ఇరుసుల మీద వేలాడదీస్తారు, పడవ ఒరిగినా పొయ్యి సమంగా ఉండటానికి. అది ఊగకపోతే రేవులో వేసిన గడియ తియ్యడం మర్చిపోయి ఉంటారు, పదిలో తొమ్మిదిసార్లు అదే. గడియ తీసే ఉంటే బరువు చూడండి. పైన నిండు కుక్కరు, కింద ఖాళీ ఓవెన్ అయితే తలబరువై పొయ్యి తిరగబడినట్టు వంగుతుంది. ఓవెన్ అడుగున ఇనప పెనం పెడితే నిలకడగా ఉంటుంది. పొయ్యి మీద ఏదైనా ఉన్నప్పుడు ఓవెన్ తలుపు తెరవకండి, ఆ తలుపు బరువుకే పొయ్యి మొత్తం మీ మీదకి వాలుతుంది. గిన్నెలు పట్టి ఉంచే బిగింపులు లేని పొయ్యి మీద, కదిలే పడవలో, అసలు వండొద్దు.

పడవ నడుస్తున్నప్పుడు వేడినీళ్లు కాచాల్సి వస్తే మా ఆయన వానప్యాంటు వేసుకుంటారు. ఎండ కాస్తున్నా సరే. మొదట్లో నేను నవ్వేదాన్ని. ఒక రోజు రోజారియో జలసంధిలో ఓ పెద్ద మోటారు పడవ పక్కనుంచి దూసుకుపోయింది, దాని అలకి గిన్నెడు టీ ఆయన మోకాళ్ల మీదుగా జారి బూట్లలోకి పోయింది, ప్యాంటు మీద ఆవిరి లేస్తోంది, మనిషికి మాత్రం ఏం కాలేదు. మర్నాడు నేనూ ఒకటి కొనుక్కున్నా. కప్పు సగమే నింపడం కూడా ఆ రోజు నుంచే.

నాలుగు విజిల్స్ వచ్చినా అన్నం పలుకు

ప్రెషర్ కుక్కరు పడవకి దేవుడిచ్చిన పాత్ర. మూత బిగిసి ఉంటుంది కాబట్టి ఒరిగినా ఒలకదు, గ్యాస్ కలిసొస్తుంది. కానీ ఊగేటప్పుడు వెయిట్ కూడా ఊగి, లోపల ప్రెషర్ పూర్తిగా ఎక్కకుండానే ఆవిరి వదిలేస్తుంది. మనకది విజిల్‌లాగే వినబడుతుంది. పైగా డెక్ పైమూతలోంచి దిగే గాలి మంటని ఒక పక్కకి తోసేస్తుంది. అంచేత విజిల్స్ లెక్క మానేసి గడియారం చూడండి. బియ్యం అరగంట నానబెట్టి, మంటకి గాలి తగిలే వైపు డెక్ పైమూత ఓరగా వేసి, ప్రెషర్ ఎక్కాక సన్నమంట మీద 4, 5 నిమిషాలుంచి కట్టేయండి. కుక్కరు మీద పాత దుప్పటి కప్పి 20 నిమిషాలు వదిలేస్తే అన్నం దానంతటదే మగ్గుతుంది. పప్పు పెడితే కుక్కరు సగానికి మించి నింపొద్దు, ఒరిగినప్పుడు నురగ పైకెక్కి ఆవిరి దారి మూసేస్తుంది.

వంట చేసే మనిషికి కడుపులో తిప్పేస్తోంది

కింద గదిలో కళ్లకి అన్నీ కదలకుండా కనిపిస్తాయి, చెవిలోపలి సమతూకానికి మాత్రం అంతా కదులుతున్నట్టు తెలుస్తుంది. ఆ తగాదాయే వాంతి. అల్లం టీ కొంత పనిచేస్తుంది, కానీ అసలు మందు పైకి వచ్చి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత చూడటం. కూరగాయలు తరగడం, తాలింపులు వేయడం ఇంట్లోనే కానిచ్చుకోండి. మాకు దారిలో తినడానికి పులిహోరే. చింతపండు పులుసు ఇంట్లో ఉడికించి సీసాలో పోసుకుంటే, చల్లారిన అన్నంలో కలపడానికి పొయ్యి కూడా అక్కర్లేదు.

తప్పక వేడిగా ఏదైనా కావాలంటే పడవని నిలవేస్తాను. గాలికి ఎదురుగా తిప్పి ఇంకో వైపుకి దాటించేటప్పుడు పడవ ముందువైపు ఉండే తెరచాప తాడు వదలకుండా ఉంచేస్తే, ఆ తెరచాపకి వెనక నుంచి గాలి కొడుతుంది. అప్పుడు చుక్కాని చక్రాన్ని గాలి వచ్చే వైపుకి తిప్పి కట్టేయాలి. తెరచాప ఒక వైపు లాగుతుంది, చుక్కాని ఇంకో వైపు లాగుతుంది, పడవ రెండింటి మధ్యా అలిసిపోయి మెల్లగా పక్కకి కొట్టుకుపోతుంటుంది. ఆ నిశ్శబ్దం ఒక్కసారి అనుభవించాలి. గాలి దిగువన రాళ్లకి దూరంగా, ఓడలు తిరగని చోటే ఇది చేయండి.

లంగరు వేశాక కూడా ఊగుడే

సూషా దీవిలో ఎకో బే చూడటానికి స్వర్గంలా ఉంటుంది, తూర్పున మంచు కప్పుకుని బేకర్ పర్వతం. కానీ ఆ బే నోరు ఆగ్నేయానికి తెరుచుకుంది. ఆగ్నేయపు గాలి లేస్తే రాత్రంతా గిన్నెలు వాయిద్యాలే. పరిష్కారం వంటగదిలో లేదు, సాయంత్రం వాతావరణం విని పడమటి వైపు షాలో బేకి మారిపోవడమే. మారలేకపోతే లంగరు గొలుసుకి ఒక తాడు కట్టి పడవ వెనక, తాళ్లు లాగి బిగించే వించ్‌కి తెచ్చి బిగించండి, పడవ ముక్కు అలకి ఎదురు తిరుగుతుంది, పక్కకి దొర్లడం తగ్గుతుంది.

పరుపులు తడి, గదంతా మిరపకాయ ఘాటు

ఈ నీళ్లు ఎండాకాలంలో కూడా 10, 12 డిగ్రీలే. కుక్కరు ఆవిరి చల్లటి గోడలకి తగిలి నీళ్లై పరుపు కిందకి దిగుతుంది. పైమూత తెరిచే వండండి, చలేసినా సరే. మూసిన గదిలో పొయ్యి వెలిగించి వెచ్చదనం కోసం కూర్చోవడం మాత్రం ఎప్పుడూ వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. దాని అలారం కొనకుండా మొదటి రాత్రి పడుకోకండి.

ఎండుమిర్చి తాలింపు కింద వేస్తే దగ్గుతో ఇద్దరం బయటపడతాం. ఇక పీతల సంగతి. ఇక్కడి డంజనెస్ పీత, లైసెన్సు తీసుకుని సీజన్‌లో పట్టుకోవచ్చు, మగది అయ్యుండాలి, ప్యూజెట్ సౌండ్‌ అనే ఇక్కడి సముద్రపాయలో డొప్ప వెడల్పు కనీసం ఆరుంబావు అంగుళాలు ఉండాలి. దాన్ని కింద ఉడికిస్తే వారం పాటు దిండ్లకి ఆ వాసనే. వెనక రెయిలింగ్‌కి బిగించిన గ్రిల్ మీద, బయటే ఉడికించండి. ఇగురు కూడా అక్కడే. మా ఆయన మసాలా దంచుతుంటే పక్క పడవలోంచి ఓ పెద్దావిడ "ఏం వండుతున్నారు?" అని అరిచి అడిగింది, కాసేపటికి చిన్న పడవేసుకుని, ఖాళీ గిన్నెతో వచ్చేసింది.