పదిహేను మంది ఆట నుంచి పదమూడు మంది ఆటకు: రగ్బీ యూనియన్ కుర్రాళ్లతో లీగ్ జట్టు కట్టడం

మన అనంతపురం, కర్నూలు వైపు రగ్బీ ఆడానని ఎవరైనా చెబితే చాలావరకు సెవెన్స్ ఆడినట్టే లెక్క. ఏడుగురితో ఆడినా అది యూనియనే, అంటే మామూలుగా పదిహేను మంది ఆడే రగ్బీయే. డిగ్రీ అయిపోగానే సగం మంది బెంగళూరు బస్సెక్కేస్తారు, క్లబ్బులో ఎనిమిది, తొమ్మిది మంది మిగులుతారు. ఆ మిగిలినవాళ్లకు కొత్తవాళ్లను కలిపి పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్ జట్టుగా నిలబెట్టాలనుకునే క్లబ్బుల కోసం రాసింది ఇది. బంతి ఒకటే, గోల్ స్తంభాలు ఒకటే కదా, వారంలో అలవాటైపోతుందిలే అనుకుంటే మొదటి మ్యాచ్‌లోనే బోర్లా పడతారు.

రెండు ఆటలూ 1895లో ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో విడిపోయాయి. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లకు మ్యాచ్ కోసం పోగొట్టుకున్న కూలి ఇవ్వాలా వద్దా అన్నది తగాదా. విడిపోయి లీగ్ పెట్టుకున్నవాళ్లు 1897లో లైనవుట్ (బయటికి పోయిన బంతిని లోపలికి విసిరితే రెండు జట్లూ వరుసల్లో నిలబడి దానికోసం ఎగరడం) తీసేశారు, 1906లో జట్టును పదమూడు మందికి తగ్గించి ప్లే ద బాల్ (పట్టుబడినవాడు లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లించడం) పెట్టారు. కూలి తగాదా ఎప్పుడో తీరింది. ఈ మార్పులు మాత్రం అలాగే ఉన్నాయి, యూనియన్ నుంచి వచ్చినవాడు తడబడేదీ వీటి దగ్గరే.

మొదట మాన్పించాల్సింది బంతి మీద పడటం

యూనియన్‌లో ట్యాకిల్ అయ్యాక, అంటే బంతి ఉన్నవాడిని పట్టి పడేశాక, బంతి ఎవరిదో తేలదు. ఇద్దరు, ముగ్గురు పరుగెత్తుకొచ్చి బంతి మీద నెట్టుకునే గుంపు, అంటే రక్ కడతారు, అవతలివాడు వంగి చేతులతో లాక్కోవాలని చూస్తాడు. లీగ్‌లో రెఫరీ ‘హెల్డ్’ (పట్టుబడ్డాడు) అన్నాడంటే ఆ పోట్లాట అక్కడితో సరి. బంతి పట్టుకున్న జట్టుదే. ఆరు ట్యాకిళ్ల వరకు వాళ్లకు హక్కు ఉంటుంది, ఆరోసారీ దొరికిపోతే అక్కడే అవతలి జట్టుకు ఇచ్చేయాలి, అందుకే ఐదో ట్యాకిల్ తర్వాత మామూలుగా కిక్ కొడతారు. ఈ మాట చెబితే అందరూ తలూపుతారు. కానీ నాలుగేళ్లు ఫ్లాంకర్‌గా (బంతి లాక్కోవడానికి ముందు పరుగెత్తే ఆటగాడిగా) ఆడినవాడి చెయ్యి తనకు తెలియకుండానే బంతి మీదికి పోతుంది. పోయినప్పుడల్లా పెనాల్టీయో, కొన్ని పోటీల్లో ట్యాకిళ్ల లెక్క మళ్లీ మొదటికి రావడమో జరుగుతుంది. అందుకే మొదటి రెండు వారాలు గుద్దుకోవడం ఏమీ పెట్టుకోకుండా ప్లే ద బాల్ ఒక్కటే చేయించండి.

దాన్ని ఇలా విడదీసి నేర్పండి. పట్టుబడినవాడు వెల్లకిలా పడితే ఓడినట్టే. లేవడానికి రెండింతల సమయం పడుతుంది, డిఫెన్స్ హాయిగా సర్దుకుంటుంది. పడేలోపే ఒళ్లు తిప్పుకుని బోర్లా, మోచేతులూ మోకాళ్లూ ముందు ఆనేలా పడాలి. బంతి ఛాతీ కింద ఉంటుంది. చేతులతో నేలను నెట్టి ఒక పాదం కిందికి తెచ్చుకోవాలి, ప్రత్యర్థి గోల్ గీత వైపు తిరిగి పూర్తిగా లేచి నిలబడాలి. బంతిని ముందున్న పాదానికి ముందు నేల మీద పెట్టి, అరికాలితో వెనక్కి దొర్లించాలి. వెనక కాచుకుని ఉన్న డమ్మీ హాఫ్ దాన్ని తీసుకుంటాడు. యూనియన్ అలవాటున్నవాడు ఇక్కడ రెండు తప్పులు చేస్తాడు. పడగానే చెయ్యి బారుగా చాపి బంతిని తనవాళ్ల వైపు పెట్టేసి పడుకుంటాడు. లేచినా పాదం తగిలించకుండా బంతిని కాళ్ల మధ్య నుంచి జారవిడుస్తాడు. మొదటిది కొత్తలో అందరూ చేసేదే. రెండోది బద్ధకం, చూసీచూడనట్టు వదిలేయకండి.

అభ్యాసానికి ఇద్దరిద్దరిని జత చేయండి. ఒకడు పడతాడు, ఇంకొకడు భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడ్డుపడతాడు. ఎనిమిది సార్లు చేశాక చోట్లు మార్చుకోవాలి, అలాంటివి నాలుగు విడతలు. అడ్డుపడినవాడు వదిలిన క్షణం నుంచి పక్కవాడు గట్టిగా లెక్కపెట్టాలి. మూడు అనేసరికి బంతి వెనక్కి దొర్లిపోయి ఉండాలి. ఐదు దాకా పోతున్నాడంటే వాడి నడుము కండరాలు పనిచేయడం లేదన్నమాట. వాడికి పరుగుల కంటే బస్కీలు, దండీలు ఎక్కువ పెట్టండి.

పది మీటర్ల వెనకడుగు

ట్యాకిల్ జరిగిన చోట డిఫెన్స్ నుంచి ఇద్దరు మాత్రమే మార్కర్లుగా ఎదురుగా నిలబడొచ్చు, అదీ ఒకరి వెనక ఒకరు సూటిగా. మిగతా అందరూ పది మీటర్లు వెనక్కి పోవాలి. ముందుకు ఉరికి, పట్టి, లేచి, మళ్లీ పది మీటర్లు వెనక్కి పోవాలి. ఇది వరుసగా ఆరుసార్లు. ఒక్క సెట్‌లో, అంటే ఆ ఆరు ట్యాకిళ్లలో, వెనకడుగే 50, 60 మీటర్లు అవుతుంది. యూనియన్ ఫార్వర్డ్‌కు (ముందు వరుసల బరువైన ఆటగాడికి) లైనవుట్ దగ్గరో, తలలు వంచి ఒకరినొకరు నెట్టుకునే స్క్రమ్ సర్దుకునేటప్పుడో ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. సెవెన్స్ ఆడినవాడికి మ్యాచే పద్నాలుగు నిమిషాలు. లీగ్ ఎనభై నిమిషాల ఆట, స్క్రమ్ ఉన్నా ఆరుగురేసి పేరుకు తల వంచడం తప్ప నెట్టుకునేది లేదు. కొత్తవాడు ఇరవయ్యో నిమిషానికి నడుం మీద చేతులు పెట్టుకుంటే తప్పు వాడిది కాదు, ఆ పరుగు ఎప్పుడూ చేయకపోవడానిది.

పది మీటర్ల తాడు ఒకటి కోసి రెండు చివర్లా ముడి వేయండి. పక్కన ఒకడు దాన్ని పట్టుకుని బంతితోపాటు జరుగుతుంటే ఎవడు ముందు నిలబడిపోయాడో కళ్లకు కడుతుంది. వెనక్కి పోయేటప్పుడు మొదటి మూడు అడుగులు తిరిగి పరుగెత్తించండి, చూపు మాత్రం భుజం మీదుగా బంతి మీదే ఉండాలి. మొత్తం దూరం వెనక్కి వెనక్కి నడిచేవాడు ఎప్పుడూ ఆలస్యంగానే చేరతాడు.

ఇక గీతగా ముందుకు రావడం. ఇది చెప్పడానికి కబడ్డీ కంటే మంచి పోలిక లేదు. చేతులు పట్టుకుని చైన్‌గా ఉన్న క్యాచర్లలో ఒకడు ఆత్రంగా ముందుకు దూకితే ఏమవుతుందో మన పల్లెల్లో చిన్నపిల్లాడికీ తెలుసు. రైడర్ ఆ సందులోంచే తప్పించుకుంటాడు. ఇక్కడా అంతే. అందుకే కబడ్డీ ఆడినవాళ్లను జట్టులోకి పిలవడానికి వెనకాడొద్దు. పట్టులో, లేవడంలో వాళ్లు యూనియన్‌వాళ్ల కంటే ముందుంటారు. ఒక్క చీలమండ పట్టు అలవాటును మాత్రం సరిదిద్దాలి. లీగ్‌లో మొదటివాడు పొట్టకూ ఛాతీకీ మధ్య పట్టి బంతిని బిగించాలి, రెండోవాడు కాళ్లు పట్టాలి. మొదటివాడే కాళ్లకు పోతే పడిపోతున్నవాడు చేతులు ఆడించి బంతిని పక్కవాడికి అందించేస్తాడు. మెడకూ తలకూ పట్టు వేయకూడదని వేరే చెప్పనక్కర్లేదు, అయినా రోజూ చెప్పండి.

ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి

జెర్సీ నంబర్లు తిరగబడి ఉంటాయి. యూనియన్‌లో 15 ఫుల్‌బ్యాక్, లీగ్‌లో వాడు 1. ముందు వరుసలో గుద్దే బరువైన ప్రాప్‌లు 8, 10. అక్కడ ఫ్లాంకర్‌కు ఉండే 7 ఇక్కడ హాఫ్‌బ్యాక్‌ది.

యూనియన్ వింగర్, సెంటర్ అదే చోటుకు త్వరగా సర్దుకుంటారు. 1987లో ఇంగ్లండ్ లీగ్ క్లబ్ విడ్నెస్‌కు వచ్చిన మార్టిన్ ఒఫియా వింగ్‌లోనే పేరు తెచ్చుకున్నాడు, ఈ మధ్య ఆస్ట్రేలియా తరఫున ఒలింపిక్ సెవెన్స్ ఆడి 2024లో లీగ్ క్లబ్ సిడ్నీ రూస్టర్స్‌కు వెళ్లిన మార్క్ నవకనిటవాసేదీ అదే దారి. ఫ్లాంకర్లను 11, 12లో, అంటే రెండో వరుసలో, పెట్టండి. స్క్రమ్ హాఫ్ తొమ్మిదో నంబర్‌కు, అంటే డమ్మీ హాఫ్‌కు, పుట్టినట్టే ఉంటాడు. నేల మీది బంతిని తీసి విసరడమే కదా వాడి పని. లైనవుట్‌లో ఎగిరే పొడుగువాడికి ఇక్కడ ఎగిరే పనే లేదు. పరుగుంటే రెండో వరుస, లేకుంటే బెంచీ. ఆట నడిపించే ఫ్లై హాఫ్‌కే అందరికంటే ఎక్కువ సమయం పడుతుంది. ట్యాకిళ్ల లెక్క గుర్తుంచుకోవాలి, ఐదో ట్యాకిల్ తర్వాత ఏం చేయాలో మూడోదానికే ఆలోచించాలి. వేల్స్ ఫ్లై హాఫ్ జొనాథన్ డేవిస్ 1989లో మారి నిలదొక్కుకున్నాడు, కానీ అంత ఆట తెలివి అందరికీ ఉండదు.

1, 6, 7, 9 (ఫుల్‌బ్యాక్, స్టాండాఫ్, హాఫ్‌బ్యాక్, డమ్మీ హాఫ్) ఈ నలుగురు జట్టుకు వెన్నెముక. మొదట్లోనే ఎంచుకుని సీజనంతా కదపకండి. ఓడిన ప్రతి మ్యాచ్ తర్వాత ఏడో నంబర్‌ను మార్చే క్లబ్ ఎన్నేళ్లయినా కోలుకోదు. చోటు తేల్చుకోకపోతే ఏమవుతుందో ఎదురు దారిలో జరిగిన ఉదాహరణే చెబుతుంది. లీగ్‌లో మేటి ఫార్వర్డ్ సామ్ బర్జెస్ 2014లో యూనియన్‌కు వెళ్లాడు. బాత్ క్లబ్ చివరికి ఫ్లాంకర్‌గా ఆడించింది, ఇంగ్లండ్ 2015 ప్రపంచకప్‌లో సెంటర్‌గా దించింది. ఆ కప్పు అయిన కొన్ని వారాలకే అతను తిరిగి లీగ్‌కు వెళ్లిపోయాడు.

కాలితో కొట్టేటప్పుడు

యూనియన్‌లో తన ఇరవైరెండు మీటర్ల గీత లోపల నుంచి బంతిని నేరుగా బయటికి బాదడం మంచి పనే. లీగ్‌లో మామూలు ఆటలో నేల తాకకుండా బయటికి పోతే, ఎక్కడ కొట్టారో అక్కడే బంతి అవతలివాళ్లకు పోతుంది. కొత్తవాళ్లు మొదటి మ్యాచ్‌లో రెండు, మూడుసార్లు ఈ తప్పు చేసి తీరతారు. పెనాల్టీ దొరికినప్పుడు మాత్రం బయటికి కొట్టి ముందుకెళ్లొచ్చు, బంతీ మీదే. తన నలభై మీటర్ల గీత వెనక నుంచి కొట్టిన బంతి మైదానంలో తాకి అవతలి ఇరవై దాటాక బయటికి పోతే బంతి మళ్లీ మీకే. దీన్నే ఫార్టీ ట్వంటీ అంటారు. పాయింట్ల లెక్కా మారుతుంది: ట్రై (బంతిని అవతలి గోల్ గీత దాటించి నేలకు ఆనించడం) 4, కన్వర్షన్ (ట్రై తర్వాత గోల్‌కు కొట్టే కిక్) 2, పెనాల్టీ గోల్ 2, డ్రాప్ గోల్ (ఆట మధ్యలో బంతిని నేలకు జారవిడిచి కొట్టే కిక్) 1. పెనాల్టీకి మూడు వస్తాయన్న ఆశతో గోల్‌కు కొట్టే అలవాటు మాన్పించండి.

మైదానం, సామాను, ఎండ

గీతలకు సున్నం వాడొద్దు. బోర్లా పడే ఆట ఇది. చెమట తగిలిన సున్నం చర్మాన్ని, కంట్లో పడితే చూపునే కాలుస్తుంది. ఇంటి ముందు వేసే ముగ్గు పిండి చాలు, సున్నం కలపనిదేనా అని అడిగి కొనండి. అనంతపురం ఎర్రనేలలో గరుసు ఎక్కువ, మోకాళ్లూ మోచేతులూ గీరుకుపోతాయి. ప్రాక్టీసు ముందు వరుసగా నిలబడి రాళ్లు ఏరించండి, గాయాన్ని సబ్బు నీళ్లతో కడిగించండి, అందరికీ టీటీ ఇంజెక్షన్ ఉందో లేదో చూసుకోండి. కర్నూలు నల్లరేగడిలో చిక్కు వేరు. ఎండాకాలం నెర్రెలు విచ్చి మడమలు మెలితిరుగుతాయి, ముందురోజు సాయంత్రం నీళ్లు పట్టాల్సిందే.

ట్యాకిల్ బ్యాగుకు వేలు పోయనక్కర్లేదు. రెండు గోనె సంచులు నిలువునా కలిపి కుట్టి, బుడ్డల పొట్టు దట్టంగా కూరి, చుట్టూ పాత పరుపు దూది పరిచి, పైన టార్పాలిన్ పట్ట కుట్టించండి. దూది లేకపోతే పొట్టు గుచ్చుకుంటుంది. వారానికే పొట్టు అణిగి సంచి నడుం దగ్గర వంగిపోతుంది, అందుకని పైమూతి కుట్టకుండా తాడుతో కట్టి ఉంచితే మళ్లీ నింపొచ్చు. వానలో మాత్రం వదిలేయకండి, కుళ్లిన పొట్టు కంపు టార్పాలిన్ మార్చినా పోదు.

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఆరు నుంచి ఏడుంబావు వరకే. ముందు ఉగ్గాని బజ్జీ లాగించి వచ్చినవాడు రెండో సెట్‌కే పక్కన కూర్చుంటాడు. దాన్ని ప్రాక్టీసు తర్వాతకు ఉంచుకోమనండి, ముందు ఒక అరటిపండు చాలు. ఒకరోజు అందరి బరువూ ముందూ వెనకా తూచి చూడండి. తగ్గిన ప్రతి కిలోకు లీటరున్నర దాకా నీళ్లో, ఉప్పు వేసిన మజ్జిగో తాగాలి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, స్కోరు గుర్తులేకపోయినా ఆ రోజుకు ఆట బంద్. డాక్టరుకు చూపించాలి, బాగానే ఉన్నా 21 రోజుల లోపు మ్యాచ్‌లోకి దించకూడదు.

మొదటి సీజన్ ఎలా నడపాలి

మ్యాచ్‌కు పదమూడు మంది, బెంచీ మీద నలుగురు. పరీక్షలు, పెళ్లిళ్లు, బెంగళూరు ఇంటర్వ్యూలు పోను ఆదివారానికి పదిహేడు మంది మిగలాలంటే పేర్లు పాతిక ఉండాలి. మూడో వారంలో బ్యాగులతో ట్యాకిళ్లు, నాలుగో వారంలో ఇద్దరు కలిసి ఒకణ్ణి పట్టడం, ఐదో వారంలో సగం మైదానంలో తొమ్మిదిమందితో ఆట. ఆరో వారానికి పదమూడు మందితో ఇరవై నిమిషాల విడతలు రెండు. అంతకుముందే ఎనభై నిమిషాల మ్యాచ్ ఒప్పుకోకండి, ఎవరు ఎంత పిలిచినా.

మొదటి మ్యాచ్‌ల్లో స్కోరు కంటే, చేతులు జారకుండా ఎన్ని సెట్లు ఐదో ట్యాకిల్ దాకా పోయి కిక్‌తో ముగిశాయో చూడండి. పదింటిలో ఆరు దాటితే కొత్త జట్టుకు అది మంచి రోజు. నాలుగే అయితే పాస్‌లు తగ్గించండి, సొంత సగంలో మొదటి మూడు ట్యాకిళ్లూ ప్రాప్‌లతో నేరుగా గుద్దించండి. లెక్క రాసే పుస్తకాన్ని గాయంతో పక్కన కూర్చున్నవాడి చేతికివ్వండి. మూడు గళ్లు చాలు: సెట్ నంబర్, ఎన్నో ట్యాకిల్‌లో పోయింది, ఎవరి చేతిలో పోయింది. మూడో గడిని మ్యాచ్ రోజు ఎవరికీ చూపించకండి, మంగళవారం ప్రాక్టీసులో ఆ కుర్రాడికొక్కడికే చూపించండి.