సాక్షి సమన్లు చదవడం – 3వ పాఠం: దేనికి పిలిచారు?

గత పాఠంలో సమన్ల పైభాగం చూశాం: కోర్టు పేరు, ఓ.ఎస్. నంబరు (అంటే దావా నంబరు), వాయిదా తేదీ. ఇప్పుడు దేనికి పిలిచారో చెప్పే అసలు వాక్యానికి వద్దాం. చెన్నై సిటీ సివిల్ కోర్టు కాగితం తమిళంలో ఉండొచ్చు. చదవడం రాకపోతే పక్కింటివాళ్లతో గబగబా చదివించుకుని ఊరుకోకండి. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం ముక్కముక్కకీ అర్థం అడిగి తెలుగులో రాసుకోండి.

తేదీ, చోటుతో పాటు ఎందుకు పిలుస్తున్నారో కూడా రాయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ ఆర్డరు 5వ రూలు చెబుతోంది. సాక్ష్యం చెప్పడానికా, దస్తావేజు తేవడానికా, రెండింటికీనా?

సౌకార్‌పేటలో టోకు కొట్టు నడిపే ఒకాయనకు సమన్లు వచ్చాయనుకుందాం. దావా ఇద్దరు పాత భాగస్తుల మధ్య. ఈయన వాళ్లకు సరుకు అమ్మాడంతే. కాగితంలో “2021–22 అమ్మకాల లెడ్జరు దాఖలు చేయవలెను” అని మాత్రమే ఉంది. సాక్ష్యం మాటే లేదు. 6వ రూలు ప్రకారం ఆయన లెడ్జరును మరొకరి చేత దాఖలు చేయించినా సమన్లు పాటించినట్టే. దస్తావేజు తెచ్చి ఇచ్చినంత మాత్రాన సాక్షి అయిపోరు. విడిగా సాక్షిగా పిలిస్తే తప్ప క్రాస్ ఎగ్జామినేషన్ (ఎదుటి పక్షం ప్రశ్నలు వేయడం) చేయడానికి వీల్లేదు. చాలామందికి టెన్షన్ అంతా ఇక్కడే, కాబట్టి ఈ పేరా ఇంకోసారి చదవండి. లెడ్జరు ఇచ్చేముందు ప్రతి పేజీ జిరాక్స్ తీయించుకోవడం మంచిది.

అందులో బయటపెట్టకూడని సంగతులుంటే? అభ్యంతరం ఉందని ఇంట్లో పెట్టుకుని కూర్చోకూడదు. కోర్టుకు తెచ్చి, అభ్యంతరం అక్కడే చెప్పాలి. అది చెల్లుతుందో లేదో జడ్జిగారు తేలుస్తారు. అసలు ఆ లెడ్జరే మీ దగ్గర లేకపోతే ఆ మాటే కోర్టుకు రాసివ్వండి.

రానూపోనూ ఖర్చుకు బత్తా ఉంటుంది. పిలిపించిన పక్షమే దాన్ని కోర్టులో కట్టాలి. అడగడానికి మొహమాటపడొద్దు. పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం అదే కోడ్ 32వ సెక్షన్ కింద వారంటు, ఆస్తి జప్తు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉండొచ్చు.

అభ్యాసం: “అద్దె ఒప్పందం అసలు ప్రతితో స్వయంగా హాజరై సాక్ష్యం చెప్పవలెను.” ఇక్కడ కాగితం వేరేవాళ్ల చేత పంపితే సరిపోతుందా? మీ జవాబును ఏ మాటలు తేల్చాయో వాటి కింద గీత గీయండి. వాయిదా రోజు రాలేకపోతే ఏం చేయాలో 4వ పాఠంలో చూద్దాం.