చేతి లెక్కల భౌతికశాస్త్రం – 6వ పాఠం: గాజు ఘనమా, ద్రవమా?

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి (ఏడాదిలో ఎన్ని సెకన్లు, విశ్వం వయసు ఎన్ని సెకన్లు?) జవాబు ముందు చూసేద్దాం. ఏడాదికి సుమారు 3 × 10⁷ సెకన్లు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు, అంటే దాదాపు 4 × 10¹⁷ సెకన్లు. మొదటి అంకె ఇవాళ అడుగడుగునా కావాలి, పక్కన రాసిపెట్టుకోండి.

ఇవాళ నేర్చుకునేది ఒకే ఒక్క భాగహారం. అది చేతికొస్తే, ఒక పదార్థం ఎంతసేపటి వరకు ఘనంలా నిలబడుతుందో, ఎప్పటి నుంచి ద్రవంలా జారుతుందో చెప్పగలం. సాధన చేయడానికి గాజు బాగా పనికొస్తుంది, ఎందుకంటే దాని మీద ఒక పాత కథ బాగా ప్రచారంలో ఉంది. గాజు నిజానికి మహా నెమ్మదిగా పారే ద్రవమట. నమ్మకపోతే యూరప్‌లోని పాత చర్చిల కిటికీలు చూడమంటారు, అద్దాలు అడుగున మందంగా ఉంటాయట, వందల ఏళ్లుగా కిందికి జారడం వల్ల. ఎంత కాలానికి ఎంత జారుతుందో మాత్రం ఈ కథ చెప్పేవాళ్లెవరూ చెప్పరు. అది చెప్పకపోతే లెక్క మొదలే కాదు.

భాగహారం

ఏ పదార్థాన్నైనా ఒక పక్కకు నెట్టి అలాగే పట్టుకున్నారనుకోండి. మొదట అది స్ప్రింగులా ఎదురు తిరుగుతుంది. తర్వాత లోపలి అణువులు మెల్లగా సర్దుకుంటాయి, ఆ ఎదురు బలం సడలిపోతుంది. సడలడానికి పట్టే సమయాన్ని లెక్కించే దారిని జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1867లో చూపించాడు:

సడలింపు కాలం = స్నిగ్ధత ÷ దృఢతా గుణకం

స్నిగ్ధత అంటే పారడానికి పదార్థం చూపే అయిష్టత. దీన్ని పాస్కల్-సెకన్లలో కొలుస్తారు. దృఢతా గుణకం అంటే పక్కకు నెడితే స్ప్రింగులా ఎంత గట్టిగా నిలబడుతుందన్నది, దీని కొలమానం పాస్కల్. భాగిస్తే సెకన్లు మిగులుతాయి. కొలమానాలు సరిపోయాయో లేదో ప్రతిసారీ ఇలా చూసుకోవడం అలవాటు చేసుకోండి, సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

వచ్చిన సడలింపు కాలాన్ని మనం గమనించే కాలంతో పోల్చాలి. గమనించే కాలం చాలా తక్కువైతే పదార్థం మనకు ఘనం. చాలా ఎక్కువైతే ద్రవం. సడలింపు కాలం ÷ గమనించే కాలం, ఈ నిష్పత్తికి శాస్త్రవేత్త మార్కస్ రైనర్ 1964లో దెబోరా సంఖ్య అని పేరు పెట్టాడు. బైబిల్‌లో దెబోరా కీర్తనలో దేవుడి ఎదుట పర్వతాలు పారినట్టు ఒక మాట ఉంది. దేవుడు చూసేంత కాలం చూడగలిగితే కొండలైనా పారతాయన్నది రైనర్ చమత్కారం. పెద్ద సంఖ్య వస్తే ఘనం, ఒకటికి బాగా తక్కువ వస్తే ద్రవం.

చేయి తిరగడానికి రెండు లెక్కలు

నీళ్లు. స్నిగ్ధత 10⁻³ పాస్కల్-సెకన్లు. నీళ్లకు దృఢత ఏమిటని అడగకండి, మరీ తక్కువ సమయంలో కదిపితే వాటికీ ఉంటుంది, సుమారు 10⁹ పాస్కల్స్. భాగిస్తే 10⁻¹² సెకను. మనం ఏం చేసినా దీనికంటే చాలా ఎక్కువ సమయం తీసుకుంటాం, అందుకే నీళ్లు మనకు ఎప్పుడూ ద్రవమే.

రెండోది పిచ్, తారు జాతి పదార్థం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీలో థామస్ పార్నెల్ 1927లో వేడిచేసిన పిచ్‌ను గాజు గరాటులో పోశాడు. అది కుదురుకున్నాక 1930లో గరాటు కాడ అడుగు కోసి వదిలేశాడు. మొదటి చుక్క 1938లో పడింది, తొమ్మిదోది 2014లో. అదే పిచ్‌ను సుత్తితో కొడితే పెంకులుగా పగులుతుంది. ఈ రెండూ ఒకే పదార్థం ఎలా చేస్తుంది?

లెక్క వేయండి. ఆ ప్రయోగం నుంచి తేలిన స్నిగ్ధత దాదాపు 2 × 10⁸ పాస్కల్-సెకన్లు. దృఢతకు 10⁹ పాస్కల్స్ వేసుకుందాం. సడలింపు కాలం 0.2 సెకను. సుత్తి దెబ్బ తగిలే సమయం ఒక మిల్లీసెకను అనుకుంటే దెబోరా సంఖ్య 200, అంటే ఘనం, పగిలింది. ఒక చుక్కకు ఎనిమిదేళ్లు, అంటే 2.4 × 10⁸ సెకన్లు తీసుకుంటే సంఖ్య 10⁻⁹ దరిదాపుల్లోకి పడిపోతుంది. ద్రవం, కారింది. పిచ్ ఏమీ మారలేదు, మనం చూసే గడియారం మారింది.

ఇప్పుడు గాజు

కిటికీలకు, సీసాలకు వాడే సోడా-లైమ్ గాజు తీసుకుందాం. దృఢతా గుణకం 3 × 10¹⁰ పాస్కల్స్. ఇది వేడితో కొంచెమే మారుతుంది, మనకు ఆ తేడా పట్టదు. స్నిగ్ధత అలా కాదు. సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10³ ఉన్నది, 550 దగ్గరికి వచ్చేసరికి 10¹² అవుతుంది. 450 డిగ్రీల్లో వంద కోట్ల రెట్లు. మరే గుణమూ ఇంత దారుణంగా మారదు, గాజు వింతలన్నిటికీ మూలం ఇదే.

1000 డిగ్రీల దగ్గర సడలింపు కాలం 3 × 10⁻⁸ సెకను. పనివాడు ఊదినా లాగినా గాజు చెప్పినట్టు వింటుంది. 550 దగ్గర 10¹² ÷ 3 × 10¹⁰, అంటే దాదాపు 33 సెకన్లు. ఇక్కడ కాస్త ఆగాలి. ఈ ఉష్ణోగ్రత మనుషుల ఓపికకు సరిగ్గా అందే చోటు. గాజు తయారీలో వస్తువును ఈ దరిదాపుల్లో కాసేపు నిలిపి, తర్వాత మెల్లగా చల్లార్చుతారు. దాన్నే అనీలింగ్ అంటారు. అర నిమిషానికి ఒకసారి సడలింపు జరుగుతుంటే పావుగంటలో లోపలి ఒత్తిళ్లు దాదాపు మాయమవుతాయి. మరో నలభై డిగ్రీలు తగ్గితే స్నిగ్ధత ముప్పై రెట్లు పెరుగుతుంది, అదే పనికి గంటలు పడుతుంది. ఇంకా కిందికి దిగితే ఫ్యాక్టరీలో ఎవరూ అంతసేపు కాచుకోలేరు. అణువులు ఎక్కడివక్కడ ఇరుక్కుపోయాయి, గాజు గట్టిపడింది అంటాం. ఇందులో మంచు కట్టినట్టు ఒక స్థిరమైన గడ్డకట్టే ఉష్ణోగ్రత ఏదీ లేదని గమనించండి.

గది ఉష్ణోగ్రతకు వద్దాం. అక్కడ స్నిగ్ధత కొలవడం కష్టం కాబట్టి మొదట్లో చేసింది పొడిగింపు: వేడి ద్రవంలో కొలిచిన గ్రాఫును కిందికి లాగడం. అలా లాగితే అంకెలు ఆకాశానికి పోతాయి. 1998లో బ్రెజిల్ శాస్త్రవేత్త ఎడ్గర్ జనోట్టో ఇలాగే లెక్కగట్టి, విశ్వం వయసు కూడా లెక్కలోకి రానంత పెద్ద సడలింపు కాలం తేల్చాడు. కిటికీల కథను కొట్టేయడానికి అది చాలు. కానీ ఆ పొడిగింపులో ఒక చిక్కు ఉంది. ఇరుక్కుపోయిన గాజు ఇక ఆ ద్రవం గ్రాఫు మీద నడవదు. అణువుల అమరిక గట్టిపడ్డప్పుడు ఎలా ఉందో అలాగే ఆగిపోతుంది కాబట్టి, ఆ తర్వాత స్నిగ్ధత పెరిగే వేగం తగ్గుతుంది. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బే గాజు మిశ్రమాన్ని మళ్లీ తయారుచేసి చూశారు. గది ఉష్ణోగ్రతలో స్నిగ్ధత సుమారు 4 × 10²⁴ పాస్కల్-సెకన్లని తేలింది. పాత అంచనాకంటే ఇది 16 సున్నాలు తక్కువ. గ్రాఫు పొడిగించేటప్పుడు పదార్థం అదే స్థితిలో ఉందా అని అడగకపోతే జరిగేది ఇదీ.

భాగహారం చేయండి: 4 × 10²⁴ ÷ 3 × 10¹⁰ = 1.3 × 10¹⁴ సెకన్లు. 3 × 10⁷తో భాగిస్తే నలభై లక్షల ఏళ్లు పైచిలుకు. వెయ్యేళ్ల కిటికీకి దెబోరా సంఖ్య నాలుగు వేలు. ఘనం, అనుమానం అక్కర్లేదు.

అయితే వంద కోట్ల ఏళ్లు నిలబెడితే? సంఖ్య 0.004కి దిగుతుంది, అంటే ద్రవం. ఆ ద్రవం ఎంత పారుతుందో చూడాలంటే రెండో సూత్రం కావాలి: సాగే రేటు = ఒత్తిడి ÷ స్నిగ్ధత. ఒక మీటరు ఎత్తు పలక అడుగున దాని సొంత బరువు వల్ల పడే ఒత్తిడి, సాంద్రత 2500 × గురుత్వం 10 × ఎత్తు 1, అంటే 2.5 × 10⁴ పాస్కల్స్. దాన్ని 4 × 10²⁴తో భాగిస్తే సెకనుకు 6 × 10⁻²¹. వెయ్యేళ్లకు, అంటే 3 × 10¹⁰ సెకన్లకు, 2 × 10⁻¹⁰. పలక మందం 3 మిల్లీమీటర్లయితే అడుగున పెరిగేది 6 × 10⁻¹³ మీటర్లు. ఒక అణువు సైజు 10⁻¹⁰ మీటర్లు. వెయ్యేళ్లకు అణువులో నూరో వంతైనా కాదు! వంద కోట్ల ఏళ్లకు లాగినా అర మైక్రాను దాటి కొంచెం, వెంట్రుక మందంలో వందో వంతు. మనం పలకను ఏ ఆధారమూ లేకుండా నిలబెట్టి జారుడుకు అనుకూలంగా లెక్కేశాం. 2018 పరిశోధకులు తేల్చింది ఇంకా తక్కువ, వంద కోట్ల ఏళ్లకు మహా అయితే ఒక నానోమీటరు.

మరి ఆ కిటికీల మందం? పాతకాలంలో వేడి గాజు ముద్దను కడ్డీ చివర గిరగిర తిప్పి పళ్లెంలా విప్పార్చి, అందులోంచి పలకలు కోసేవారు. మందం అంతటా ఒకేలా వచ్చేది కాదు. బిగించేవాళ్లు మందంగా ఉన్న అంచును కిందికి పెట్టినవి ఉన్నాయి, పైకి పెట్టినవీ పక్కకు పెట్టినవీ ఉన్నాయి. పైన మందంగా ఉన్న పలకల గురించి ఆ కథ ఏమీ మాట్లాడదు.

పారేది ద్రవం, పారనిది ఘనం అనుకుంటే

ఇక్కడ ఒక తిరకాసు. హిమానీనదంలో ఉండేది మంచు, నికార్సైన స్ఫటికం (అణువులు క్రమంగా వరుసలు కట్టిన పదార్థం), ఎవరినడిగినా ఘనమంటారు. అది లోయ వెంట కళ్లముందే ఏడాదికి పదులు, వందల మీటర్లు కదులుతుంది, అందులో కొంత అడుగున జారడం అయితే కొంత మంచే వంగి పారడం. అదే పెద్ద బరువు కింద గాజు మాత్రం కదలదు. అంటే పారడాన్ని గుర్తుగా పెట్టుకుంటే మంచు ద్రవం, గాజు ఘనం అవుతాయి. అమరికను గుర్తుగా పెట్టుకుంటే మంచు ఘనం, గాజు ద్రవం పక్షాన చేరుతుంది, ఎందుకంటే ఎక్స్-రే కిరణాలు పంపితే గాజు స్ఫటికంలా పదునైన చుక్కలు ఇవ్వదు, ద్రవంలాగే మసక వలయాలు ఇస్తుంది. నా మటుకు నేను రోజువారీ పనికి గాజు ఘనమే అంటాను. దాన్ని మరీ చిక్కటి ద్రవమనడం నాకు నచ్చదు. మామూలు ద్రవం ఆ ఉష్ణోగ్రతలో ఎలా ఉండాలో అలా ఉంటుంది. గాజు అలా లేదు, గట్టిపడిన రోజు అమరికను పట్టుకుని కూర్చుంది. ఎంత వేగంగా చల్లార్చారో దాన్ని బట్టి ఒకే మిశ్రమం సాంద్రతే కొద్దిగా మారుతుంది. ఇరుక్కుపోవడం అసలెందుకు ఇంత వేగంగా జరుగుతుందన్నది ఇంకా తేలని ప్రశ్న. నోబెల్ గ్రహీత ఫిలిప్ ఆండర్సన్ 1995లో దీన్ని ఘనస్థితి సిద్ధాంతంలో బహుశా అన్నిటికంటే లోతైన, పరిష్కారం కాని సమస్యగా పేర్కొన్నాడు.

ఇరుక్కున్న అమరిక పూర్తిగా చచ్చుబడి ఉండదు. జేమ్స్ జౌల్ 1844 నుంచి 1882 వరకు ఒకే థర్మామీటరు సున్నా గుర్తును చూస్తూ వచ్చాడు. గాజు బుడగ కొంచెం కొంచెంగా కుంచించుకుపోయి, సున్నా సుమారు అర డిగ్రీ సెల్సియస్ పైకి జరిగింది. పారలేదు, సర్దుకుంది. 38 ఏళ్లకు, నలభై లక్షల ఏళ్ల సడలింపు కాలంతో పోలిస్తే, అది కూడా జరగకూడదు కదా అని మీకు అనిపించాలి. అనిపిస్తే మంచిది. గాజులో అన్ని చోట్లా ఒకే సడలింపు కాలం ఉండదు, కొన్ని మూలలు తొందరగా సర్దుకుంటాయి, కొన్ని ఎప్పటికీ కదలవు. పైగా ఆ థర్మామీటరు గాజు వేరే మిశ్రమం. మన భాగహారం సగటు చెబుతుందంతే.

అభ్యాసం

1. భూమి లోపలి ప్రావారం (పై పెంకు కింద ఉండే మందమైన రాతి పొర, మాంటిల్) స్నిగ్ధత సుమారు 10²¹ పాస్కల్-సెకన్లు, దృఢతా గుణకం 10¹¹ పాస్కల్స్. సడలింపు కాలం ఏళ్లలో కట్టండి. భూకంప తరంగం ఒక సెకను నుంచి కొన్ని నిమిషాల వ్యవధిలో ఊగుతుంది, ఖండాల కదలికకు కోట్ల ఏళ్లు పడుతుంది. ఆ రెండింటికీ దెబోరా సంఖ్య వేసి, ప్రావారం ఎవరికి ఘనమో ఎవరికి ద్రవమో రాయండి.

2. మనం చేసిన కిటికీ లెక్కలో పలక ఎత్తును పది మీటర్లు చేయండి. వెయ్యేళ్లకు జారుడు ఎన్ని రెట్లు పెరిగింది? సడలింపు కాలం మారిందా?

3. కాస్త కష్టమైనది. గాజును గంటకు 10 డిగ్రీల చొప్పున చల్లార్చుతున్నారు. మీ అంచనాలో సడలింపు కాలం ఒక గంటకు చేరేది ఏ ఉష్ణోగ్రత దగ్గర? 550 దగ్గర 33 సెకన్లు, 510 దగ్గర దాదాపు 1,000 సెకన్లు అని తీసుకుని, లాగరిథమ్ గ్రాఫులో సరళరేఖ గీసి చూడండి. వచ్చే పాఠం ఈ జవాబుతోనే మొదలవుతుంది.