టాలెంట్లు కింది నుంచి పైకి లెక్కపెట్టండి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో తొందరపడి టాలెంట్ పాయింట్లు (మన పాత్రకి కొత్త శక్తులు ఎంచుకునే పాయింట్లు) పెట్టేసి, తర్వాత వాటి రీసెట్‌కి గోల్డ్, అంటే గేమ్‌లోని డబ్బు, కట్టడం పెద్ద బాధ. మొదటిసారి 1 గోల్డ్, తర్వాత 5, 10, అలా 50 దాకా పెరుగుతుంది. గుర్రం కోసం దాచుకున్న దాంట్లో 16 గోల్డ్ నాకు అలాగే పోయింది.

విజయనగరంలో నేను, శ్రీకాకుళంలో మా బావ రాత్రిళ్లు కలిసి ఆడతాం. ఇప్పుడు ఇద్దరం పాత కరెంటు బిల్లు వెనక టాలెంట్ ట్రీలో (టాలెంట్ల పట్టికలో) ఉన్నట్టే 7 వరసలు గీసి, ముందు అన్నిటికన్నా కింది వరసలో కావలసిన టాలెంట్ పెన్సిల్‌తో రాసుకుంటున్నాం. వారియర్ (యోధుడి పాత్ర) ఆర్మ్స్ ట్రీలో అయితే అది మోర్టల్ స్ట్రైక్ అనే దెబ్బ. ట్రీలో దానికి బాణం గుర్తు స్వీపింగ్ స్ట్రైక్స్ అనే టాలెంట్ నుంచి వస్తుంది, అంటే ముందు అది తీసుకోవాలి, కాబట్టి అక్కడ 1 పాయింట్ తప్పదు. ఇంపేల్ అనే టాలెంట్ కావాలంటే డీప్ వూండ్స్ అనే టాలెంట్‌లో 3 పాయింట్లు నిండాలి. ఒక్కో వరస దిగడానికి ఆ ట్రీలోనే మరో 5 కావాలి, అంటే పైన 30 పెట్టాకే మోర్టల్ స్ట్రైక్. పాయింట్లు లెవెల్ 10 నుంచి ఒక్కొక్కటిగా వస్తాయి గనక, వేరే ట్రీ ముట్టుకోకపోతే సరిగ్గా లెవెల్ 40లో చేతికొస్తుంది. మిగతా 20 పాయింట్ల గురించి అప్పటిదాకా టెన్షన్ వద్దు.

ఒక్క జాగ్రత్త. మోర్టల్ స్ట్రైక్ దెబ్బ చేతిలోని ఆయుధాన్ని బట్టే ఉంటుంది. 40 నాటికి మంచి రెండు చేతుల ఆయుధం లేకపోతే ఈ లెక్కంతా వేసినా దెబ్బ పడదు. యాక్స్, స్వోర్డ్ స్పెషలైజేషన్లలో కూడా ముందే పాయింట్లు పెట్టకండి, రేపు దొరికేది గొడ్డలో కత్తో తెలీదు కదా.